గోడ మీద అక్షరం, చేతిలో తల: హైదరాబాద్‌లో కుంచె పట్టిన సాదిఖైన్

విజయవాడ వన్ టౌన్‌లో అయినా, గుడివాడలో అయినా, బందరులో అయినా ముస్లిం ఇళ్లలో హాలు గోడకు ఒక ఫ్రేము తప్పకుండా ఉంటుంది. ఆయతుల్ కుర్సీ కావచ్చు, నాలుగు ఖుల్‌లు కావచ్చు, లేదంటే ఒక వైపు అల్లాహ్, ఇంకో వైపు ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) అని బంగారు రంగులో రాసిన జోడీ. చిన్నప్పుడు మక్తబ్‌లో నాజ్రా పూర్తి చేసినవాళ్లు దాన్ని చదవగలరు. కానీ చదవడం వేరు, చూడటం వేరు. ఆ అలిఫ్ అంత నిటారుగా ఎందుకు నిలబడింది, ఆ నూన్ గిన్నెలా ఎందుకు ఒంపు తిరిగింది, దాన్ని ఎవరు రాశారు, ఏ కలంతో రాశారు? ఇవి మనం అడగం. షాపులో ఫ్రేము సైజు అడుగుతాం, రేటు అడుగుతాం, తెచ్చి మేకు కొడతాం.

ఆ అక్షరాన్ని చూడటమే జీవితంగా పెట్టుకున్న ఒక చిత్రకారుడు మన ఉమ్మడి రాష్ట్రానికి వచ్చి, హైదరాబాద్‌లో ఒక గోడ మీద పని చేసి వెళ్లారు. పేరు సాదిఖైన్. పూర్తి పేరు సయ్యద్ సాదిఖైన్ అహ్మద్ నఖ్వీ. పాకిస్తాన్‌లో ఆయన పేరు తెలియని చదువుకున్నవాళ్లు అరుదు. మన దగ్గర ఆయన పేరు విన్నవాళ్లే అరుదు. పుట్టింది మాత్రం ఇక్కడే, ఉత్తరప్రదేశ్‌లోని అమ్రోహాలో, 1923లో.

ఖత్తాతుల ఇంటి బిడ్డ

అమ్రోహాలో ఆయనది తరతరాలుగా ఖత్ రాసే కుటుంబం. ఖత్ అంటే రాత, ఖత్తాత్ అంటే దాన్ని కళగా రాసేవాడు. తాత, తండ్రి చేతుల్లో కలం చూస్తూ పెరిగిన కుర్రాడు 1944లో ఢిల్లీ వెళ్లి ఆలిండియా రేడియోలో నకలు రాసే ఉద్యోగంలో చేరాడు. అప్పట్లో కంప్యూటర్లు లేవు కదా, స్క్రిప్టులన్నీ చేతితోనే రాయాలి. రెండేళ్లు ఆ పని చేశాడు. తర్వాత ఆగ్రా యూనివర్సిటీలో డిగ్రీ, దేశ విభజన, కుటుంబం పాకిస్తాన్ వెళ్లడం.

అయితే ఆయన మొదట పేరు తెచ్చుకుంది ఖత్‌తో కాదు. మనుషుల బొమ్మలతో. 1961లో పారిస్ బినాలేలో యువ చిత్రకారుడిగా బహుమతి అందుకున్నారు. అదే ఏడాది కరాచీలో స్టేట్ బ్యాంక్ ఆఫ్ పాకిస్తాన్ గోడ మీద పెద్ద చిత్రం పూర్తి చేశారు. 1966లో ఫ్రెంచి రచయిత ఆల్బేర్ కామూ నవలకు పారిస్‌లో బొమ్మలు వేశారు. 1967లో జీలం నది మీద కట్టిన మంగళా డ్యామ్ విద్యుత్ కేంద్రంలో వందడుగులు దాటిన కుడ్యచిత్రం వేశారు. దాని ఇతివృత్తం శ్రమ. రాళ్లు కొట్టిన మనిషి దగ్గర్నుంచి యంత్రాలు నడిపే మనిషి దాకా. ఆనకట్ట అంటే ఏమిటో కృష్ణా డెల్టా జనానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ మీద రోజూ వేల మంది అటూ ఇటూ తిరుగుతారు, దాన్ని కట్టిన కూలీల బొమ్మ ఒక్కటీ మన కళ్లలో లేదు. మంగళాలో ఆ కూలీలు గోడంత ఎత్తున నిలబడి ఉన్నారు.

మరి ఇందులో అరబీ అక్షరం ఎక్కడుంది? దానికి 1950ల చివరికి వెళ్లాలి. కరాచీకి అవతల గడానీ అనే సముద్ర తీరం ఉంది. ఇసుక, ఉప్పుగాలి, నీళ్లు లేని నేల. అక్కడ సాదిఖైన్ కొంతకాలం ఉన్నారు. ఆ నేలలో బతికేది ఒక్కటే, బ్రహ్మజెముడు. ముళ్లతో, వంకరలతో, ఎండకు లొంగకుండా నిటారుగా పైకి లేచే ఆ మొక్క ఆయన కంట్లో పడింది. దాన్ని గీస్తూ గీస్తూ ఉంటే అందులో కూఫీ అక్షరాలు కనిపించాయట. ఆ తర్వాత ఆయన గీసిన మనుషుల చేతులు, వేళ్లు, పక్కటెముకలు అన్నీ ఆ మొక్కలా, ఆ అక్షరాల్లా మారిపోయాయి. అంటే మనిషి బొమ్మలోకి అక్షరం ముందే దూరిపోయింది. అక్షరాన్నే బొమ్మగా రాయడం పదేళ్ల తర్వాత మొదలైంది.

కలానికీ చుక్కకూ ఉన్న లెక్క

ఆయన చేసింది ఎందుకు కొత్తో తెలియాలంటే పాత పద్ధతి కొంచెం తెలియాలి.

అరబీ రాతలో చాలా శైలులు ఉన్నాయి. ఇరాక్‌లోని కూఫా నగరం పేరుతో వచ్చిన కూఫీ మూలలు మూలలుగా, కట్టడంలా ఉంటుంది. తొలి కాలపు ఖుర్ఆన్ ప్రతులు ఎక్కువగా అందులోనే. నస్ఖ్ గుండ్రంగా, చదవడానికి తేలిగ్గా ఉంటుంది. ఇప్పుడు మన ఇంట్లో ముస్‌హఫ్‌లు అదే. సులుస్ పొడవుగా, దర్జాగా, మస్జిదుల మెహరాబుల మీద కనిపించేది. నస్తాలీఖ్ ఇరాన్‌లో పుట్టి ఉర్దూకు సొంతమైంది, కుడి నుంచి ఎడమకు జారుతున్నట్టు వాలుగా ఉంటుంది.

వీటికి లెక్క కట్టిన మనిషి బగ్దాదులో వజీరుగా పని చేసిన ఇబ్ను ముఖ్లా. 940లో చనిపోయాడు. ఆయన పెట్టిన కొలబద్ద చాలా సింపుల్. రెల్లు కలాన్ని ఏటవాలుగా కోసి, సిరాలో ముంచి, కాగితం మీద ఒక్కసారి నొక్కితే చతురస్రాన్ని మూల మీద నిలబెట్టినట్టు ఒక చుక్క పడుతుంది. అదే నుఖ్తా. అలిఫ్ ఇన్ని చుక్కల ఎత్తు, బే ఇన్ని చుక్కల వెడల్పు, నూన్ కడుపు ఇంత లోతు. కలం పెద్దదైతే చుక్క పెద్దది, అక్షరమూ అదే నిష్పత్తిలో పెద్దది. స్కేలు అక్కర్లేదు, కలమే స్కేలు. దర్బారు రాజకీయాల్లో ఇబ్ను ముఖ్లా కుడి చెయ్యి నరికేశారు. మొండి చేతికి కలం కట్టుకుని రాశాడని చెబుతారు.

ఖుర్ఆన్‌లో 68వ సూరా పేరే అల్ ఖలమ్. మొదట దిగిన వహీలోనే కలం ప్రస్తావన ఉంది. జీవుల బొమ్మలు గీయడాన్ని చాలామంది ఉలమా ఒప్పుకోరు కాబట్టి, ముస్లిం సమాజాల్లో కళాకారుడి బుద్ధంతా, చేతి బలమంతా ఈ కలం వైపు మళ్లింది. దానికోసం మనం బగ్దాదు దాకా పోనక్కర్లేదు. గోల్కొండ పక్కన కుతుబ్ షాహీ గుంబదుల్లో సుల్తానుల సమాధులు చూడండి. నల్లరాతి మీద వరసలు వరసలుగా ఆయత్‌లు ఉంటాయి, రాయి మీద చెక్కినా సిరాతో రాసినంత మెత్తగా. సాలార్‌జంగ్ మ్యూజియంలో యాఖూత్ అల్ ముస్తాసిమీ రాసిన ఖుర్ఆన్ ప్రతి ఉంది. దాని మీద జహంగీర్, షాజహాన్, ఔరంగజేబు ముగ్గురి దస్తకత్తులు ఉన్నాయి.

మన డెల్టాలోనూ ఉంది. మొహర్రంలో పల్లెల్లో లేపే పీర్ల మీద, ఆ ఇత్తడి, వెండి రేకుల మీద, అరబీ పేర్లు చెక్కి ఉంటాయి. ఎత్తుకుని నడిచే వాళ్లలో చాలామంది హిందువులు, వాటిని చదవలేరు. చదివే మనవాళ్లలో కొందరు పీర్ల పండుగనే ఒప్పుకోరు. ఆ వాదన ఇక్కడ వద్దు గానీ, అక్షరం అక్కడ కూడా ఉందన్నది నిజం. పెడన, బందరు కలంకారీ పేరులోనూ ఉన్నది ఈ కలమే, ఫారసీ నుంచి వచ్చింది. (ఇప్పుడు పెడనలో అద్దేది కలంతో కాదు, టేకు చెక్క అచ్చులతో. కలం పట్టేది శ్రీకాళహస్తిలో. పేరు మాత్రం రెండింటికీ ఉండిపోయింది.)

31 సార్లు వచ్చే ప్రశ్న

1960ల చివరికి వచ్చేసరికి సాదిఖైన్ నేరుగా ఖుర్ఆన్ ఆయత్‌లను చిత్రాలుగా రాయడం మొదలుపెట్టారు. అందులో పేరు మోసింది సూరా రహ్మాన్. 78 ఆయత్‌ల ఈ సూరాలో, అల్లాహ్ అనుగ్రహాలను గుర్తు చేసే ఒకే ప్రశ్న 31 సార్లు తిరిగి తిరిగి వస్తుంది. చదివేటప్పుడు ఆ లయ చెవికి తెలుస్తుంది. దాన్ని కంటికి ఎలా చూపించాలి? సాదిఖైన్ చేసింది ఏంటంటే, అక్షరాలను నుఖ్తా లెక్కలోంచి విడిపించారు. ఆయత్‌లో సముద్రం ఉంటే అక్షరాలు తెరచాపల్లా లేస్తాయి. సూర్యచంద్రుల మాట ఉంటే అక్షరం కక్ష్యలా తిరుగుతుంది. పాత ఖత్తాతు అక్షరాన్ని ఖాళీ కాగితం మీద ఒంటరిగా నిలబెడతాడు, ఈయన దాని వెనక ఒక లోకాన్ని పెట్టారు.

పాతకాలపు ఖత్తాతులకు ఇది నచ్చలేదు. కొలత లేని అక్షరం ఖత్ ఎలా అవుతుందన్నారు. వాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. ఖాయిదా నేర్చుకోవడానికి ఒక ఖత్తాతుకు ఏళ్లు పడుతుంది, అది పక్కన పెట్టేస్తే రేపు ఎవడైనా బ్రష్షుతో గీకి ఖత్ అంటాడు. అలా గీకినవాళ్లు తర్వాత చాలామందే వచ్చారు కూడా. కానీ సాదిఖైన్ ఆ ఖాయిదా తెలియక వదిలినవాడు కాదు. ఇంట్లో నేర్చుకుని, రేడియోలో రెండేళ్లు అదే జీతానికి రాసి, ఆ తర్వాత వదిలాడు. తేడా అక్కడుంది. ఆయన చేతిరాతను ఇప్పుడు కొందరు ఖత్తె సాదిఖైనీ అనే అంటారు.

ఇంకో విమర్శ కూడా ఉంది. జియా ఉల్ హఖ్ పాలనలో మతం పేరు చెబితే గౌరవం దొరికేది, అందుకే ఖత్ వైపు వెళ్లాడని. తారీఖులు చూస్తే ఇది నిలబడదు. జియా అధికారంలోకి వచ్చింది 1977లో. సాదిఖైన్ సూరా రహ్మాన్ అంతకు ఏడేళ్ల పైచిలుకు ముందుది. పైగా ఆయన మనుషుల బొమ్మలు మానలేదు. 1976లో లాహోర్‌లో ఆ బొమ్మల ప్రదర్శన మీద మతం పేరుతోనే గొడవ చేశారు. ఒకే చేత్తో గీసినవే, ఒకదానికి దండలు, ఇంకోదానికి రాళ్లు.

గోల్కొండ దాకా వచ్చిన సర్మద్

సూఫీ సంగతి ఇక్కడ మొదలవుతుంది. సాదిఖైన్ తనను తాను గీసుకున్న బొమ్మల్లో చాలావాటికి మెడ మీద తల ఉండదు. తల చేతిలో ఉంటుంది. ఉర్దూలో సర్ బకఫ్ అంటారు, తలను అరచేతిలో పెట్టుకున్నవాడు. ప్రాణానికి తెగించినవాడని అర్థం. కొన్ని బొమ్మల్లో ఆ తెగిన తలే తన రక్తంతో రాసుకుంటున్నట్టు, గీసుకుంటున్నట్టు ఉంటుంది. చూడ్డానికి భయమేస్తుంది. వీటి వెనక ఉన్నది హజ్రత్ సర్మద్ కథ.

సర్మద్ ఇరాన్ నుంచి వచ్చిన వ్యాపారి. యూదు కుటుంబంలో పుట్టి, ఇస్లాంలోకి వచ్చినవాడు. 1630లలో సింధ్‌లోని ఠట్టా రేవులో సరుకుతో దిగాడు. అక్కడ అభయ్ చంద్ అనే కుర్రాడి మీద ప్రేమ కలిగి, సరుకు, సంపద, చివరికి ఒంటి మీద బట్ట కూడా వదిలేశాడు. ఆ తర్వాత లాహోర్, అక్కణ్నుంచి హైదరాబాద్. అవును, మన హైదరాబాదే. దబిస్తానె మజాహిబ్ అనే ఫారసీ గ్రంథం రాసినాయన సర్మద్‌ను 1647లో హైదరాబాద్‌లో కలిశాడు. యూదు మతం గురించి ఆ గ్రంథంలో ఉన్న సమాచారం సర్మద్ దగ్గర్నుంచి వచ్చిందే. అప్పుడు గోల్కొండలో చక్రం తిప్పుతున్నది మీర్ జుమ్లా. ఆయనా ఇరానీ వ్యాపారిగా వచ్చినవాడే, అంతకు ముందు మచిలీపట్నం రేవును పాలించి, వజ్రాలతో, ఓడలతో సంపన్నుడైనవాడు. ఇరాన్ నుంచి వచ్చిన ఇద్దరు వర్తకుల్లో ఒకడికి బందరు రేవు, దర్బారు దక్కాయి. ఇంకొకడు అన్నీ వదిలి ఫకీరుగా అదే ఊళ్లో తిరిగాడు.

సర్మద్ చివరికి ఢిల్లీ చేరి షహజాదా దారా షికోకు దగ్గరయ్యాడు. దారా ఓడిపోయి చనిపోయాక ఔరంగజేబు కాలంలో సర్మద్ మీద విచారణ జరిగింది. దిగంబరత్వం ఒక ఆరోపణ. కలిమా సగమే చదువుతాడన్నది ఇంకొకటి. ఇంకా నిరాకరణ దగ్గరే ఉన్నాను, అంగీకారం దాకా చేరలేదు, చేరకుండా పలికితే అబద్ధమవుతుందని ఆయన జవాబిచ్చినట్టు చెబుతారు. దారా స్నేహమే అసలు నేరమని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. 1661లో తల నరికేశారు. తెగిన తలను చేత్తో పట్టుకుని జామా మస్జిదు మెట్లు ఎక్కాడన్నది జనం నోట మిగిలిన కథ. ఆయన మజార్ ఇప్పటికీ జామా మస్జిదు దగ్గరే ఉంది. మౌలానా అబుల్ కలాం ఆజాద్ యువకుడిగా ఉన్నప్పుడే సర్మద్ మీద వ్యాసం రాశారు. 

సర్మద్ రాసింది రుబాయీలు, నాలుగేసి పాదాల పద్యాలు, ఫారసీలో. సాదిఖైన్ రాసిందీ రుబాయీలే, ఉర్దూలో, వందల కొద్దీ. వాటిని తనే అందంగా ఖత్‌లో రాసి, పక్కన తనే బొమ్మ వేసేవారు. కవి, ఖత్తాతు, చిత్రకారుడు ఒకే కాగితం మీద. ముగ్గురూ ఆయనే. తల చేతిలో పట్టుకున్న ఆ బొమ్మల్లో సర్మద్ నీడ ఉందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

1981లో ఇండియా

ముప్ఫై ఏళ్ల పైన గడిచాక, 1981 చివర్లో సాదిఖైన్ మళ్లీ పుట్టిన దేశానికి వచ్చారు. కొద్ది రోజుల కోసం వచ్చిన మనిషి ఏడాదికి పైగా ఉండిపోయారు. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో గోడలు, బనారస్ హిందూ యూనివర్సిటీలో గోడలు. ఢిల్లీలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇస్లామిక్ స్టడీస్‌లో (ఇప్పుడు జామియా హమ్‌దర్ద్‌లో భాగం) అస్మాఉల్ హుస్నా, అంటే అల్లాహ్ 99 నామాలు. హైదరాబాద్‌లో నేషనల్ జియోఫిజికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో కుడ్యచిత్రం.

ఉప్పల్ రోడ్డులో ఉన్న ఈ సంస్థ పని భూమి లోపలి పొరలను, భూకంపాలను చదవడం. సర్మద్ తిరిగిన ఊరికి, సర్మద్‌ను గీసిన మనిషి వచ్చి, దర్గాలోనో మస్జిదులోనో కాకుండా సైంటిస్టులు పనిచేసే చోట గోడ పట్టుకున్నారు. ఆయన తీరు తెలిసినవాళ్లకు ఇందులో వింత లేదు. భూమి, ఆకాశం, వాటి మధ్య వెతుక్కునే మనిషి, ఆయన పెద్ద గోడలన్నిటికీ ఇదే విషయం. అయితే అది పరిశోధనా సంస్థ ఆవరణ. మ్యూజియానికి టికెట్టు కొనుక్కుని వెళ్లినట్టు పిల్లల్ని తీసుకుని నేరుగా వెళ్లి చూసే చోటు కాదు. అందుకేనేమో, నలభై ఏళ్లు దాటినా హైదరాబాద్‌లోనే చాలామందికి ఆ సంగతి తెలియదు. విజయవాడకు తెలియకపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

ఈ పనులకు ఆయన డబ్బు తీసుకోలేదని చెబుతారు. ఖత్ చిత్రాలను అమ్మకుండా పంచిపెట్టడం ఆయనకు అలవాటు. అడిగినవాడికల్లా ఇచ్చేసేవారు. లెక్కలు తెలిసినవాళ్లు దీని ఫలితం ఊహించగలరు. బిల్లు లేదు, రసీదు లేదు, ఏది ఎవరికి ఇచ్చారో పుస్తకం లేదు. ఆయన పోయాక ధరలు ఆకాశానికి వెళ్లాయి, నకిలీలు బజారు నిండాయి, అసలు ఏదో తేల్చడానికి కాగితం ముక్క కూడా దొరకని పరిస్థితి. బతికుండగా ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు. కరాచీలో ఫ్రేర్ హాల్ పైకప్పు మీద అర్జ్ ఒ సమావాత్, అంటే భూమ్యాకాశాలు, గీస్తూ అది పూర్తి కాకుండానే 1987 ఫిబ్రవరి 10న కన్నుమూశారు.

ఆయన ఇండియాలో గోడలు గీయడం మొదలుపెట్టిన 1981లోనే ఇంకొకటి జరిగింది. లాహోర్‌లో జంగ్ పత్రిక కంప్యూటర్ నస్తాలీఖ్‌తో అచ్చయింది. నూరీ నస్తాలీఖ్ అని, మీర్జా అహ్మద్ జమీల్ తయారుచేసిన అక్షరాలు. తర్వాత 1990లలో ఇన్‌పేజ్ వచ్చింది. ఉర్దూ పత్రికల్లో కాతిబులు, అంటే చేత్తో పేజీలు రాసేవాళ్లు, ఒక్కొక్కరే ఖాళీ అయిపోయారు. హైదరాబాద్‌లో ఒకప్పుడు ఇది వందల ఇళ్లకు అన్నం పెట్టిన పని. 1927లో మొదలైన చెన్నై పత్రిక ముసల్మాన్ ఎన్నో ఏళ్లు చేతిరాతనే పట్టుకుని ఉంది కాబట్టి ప్రపంచమంతా దాని గురించి రాసింది. అందరూ చేసే పనిని ఒక్కరే చేస్తుంటే అది వార్త అవుతుంది మరి. హైదరాబాద్ పాతబస్తీలో అనిల్ కుమార్ చౌహాన్ అనే పెయింటర్, షాపుల బోర్డులు రాస్తూ ఉర్దూ నేర్చుకుని, వందకు పైగా మస్జిదుల్లో ఆయత్‌లు, కలిమాలు రాశారు. ఆయన హిందువు. మొదట్లో అభ్యంతరం వచ్చినప్పుడు జామియా నిజామియా నుంచి ఫత్వా తెచ్చుకుని పని సాగించారు.

మన దగ్గర ఇప్పుడు ఏం నడుస్తోంది? ఫ్లెక్సీ షాపులో, ప్రింటింగ్ ప్రెస్‌లో అరబీ తెలియని కుర్రాడు ఇంటర్నెట్‌లో దొరికిన అక్షరాలు కాపీ చేసి పెడతాడు. అరబీ అక్షరాలు ఒకదానికొకటి కలిసి, కుడి నుంచి ఎడమకు నడవాలి. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లకు ఆ సంగతి తెలియదు. అవి అక్షరాలను విడగొట్టి, ఒక్కోసారి తిరగేసి కూడా అచ్చేస్తాయి. బిస్మిల్లాహ్ అని మనం అనుకునేది అక్కడ ముక్కలై పడి ఉంటుంది. షాదీ కార్డుల మీద, షాపు బోర్డుల మీద, మస్జిదు చందా రసీదుల మీద కూడా ఇది కనిపిస్తుంది. (కార్డు చెత్తలో పడితే బేఅదబీ అవుతుందని బిస్మిల్లాహ్ బదులు 786 వేయించే ఇళ్లు చాలా ఉన్నాయి. అబ్జద్ లెక్కలో ఆ అక్షరాల మొత్తం అంతే.)

కాబట్టి ఈసారి ఫ్రేము కొనేటప్పుడో, కార్డు ప్రూఫు చూసేటప్పుడో మక్తబ్‌లో చదువుకునే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ల చేత ఒక్కో అక్షరం వేలు పెట్టి చదివించండి. అలిఫ్ తర్వాతి అక్షరంతో కలవదు, లామ్ కలుస్తుంది, ఇది వాళ్లకు తెలుసు. సగం తప్పులు అక్కడే పట్టుబడతాయి. రెల్లు కలం దొరకకపోతే వెదురు పుల్ల చివర ఏటవాలుగా కోసి, సిరాలో ముంచి నుఖ్తా పెట్టి చూపించవచ్చు. ఆ చుక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పక్కన అలిఫ్ గీయమంటే పదేళ్ల పిల్లకైనా లెక్క అర్థమవుతుంది. ఆ తర్వాత ఫోనులో సాదిఖైన్ సూరా రహ్మాన్ వెతికి చూపిస్తే, ఆయన ఆ లెక్కను ఎక్కడ దాటాడో పిల్లలే చెబుతారు. హైదరాబాద్ వెళ్లే పని పడితే సాలార్‌జంగ్‌లో ఖుర్ఆన్ ప్రతుల గది, కుతుబ్ షాహీ గుంబదులు రెండూ ఒక్క రోజులో చూడొచ్చు. సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు.